మెరుపు వేరు, పిడుగు వేరు: టోర్నడో మబ్బుల తీరు



తెలుగువారు ఆకాశమున పుట్టు అగ్నికి రెండు పేర్లు పెట్టుకొనిరి. మబ్బులో పుట్టి మబ్బులోనే అణగిపోవునది మెరుపు. నేలకు దిగి తాటిచెట్టునో, గొడ్డునో, మనిషినో పట్టునది పిడుగు. మెరుపును చూచి పిల్లలు చప్పట్లు చరతురు. పిడుగు పడినదనినచో పెద్దలు అర్జునుని పది పేర్లు తలచుకొందురు. అమరసింహుడును ఈ భేదమును పాటించెను. శంప, శతహ్రద, క్షణప్రభ, సౌదామని మున్నగు పది పేర్లు మెరుపునకు దిగ్వర్గమున చెప్పెను. వజ్రము, అశని అను మాటలను ఇంద్రుని ఆయుధముగ స్వర్గవర్గమున వేరుగ నిలిపెను. అర్జునునకు పది, మెరుపునకు పది. ఈ పొత్తు కాకతాళీయమే కావచ్చును గాని, జ్ఞాపకముంచుకొనుటకు సులువైనది.

ఇంగ్లీషు వాడుకలో ఈ రెంటికిని సాధారణముగా ఒక్కటే మాట. అందుచేత అమెరికా శాస్త్రజ్ఞులు లెక్కలు వ్రాయునపుడెల్ల "మబ్బులోనిది" అనియు, "మబ్బునుండి నేలకు దిగినది" అనియు విడదీసి వ్రాసుకొనవలసివచ్చెను. ఇది మాటల పట్టింపు కాదు. టోర్నడోలను కను మబ్బు బలియుకొలది మెరుపులు పెరుగును. పిడుగులు పెక్కుసార్లు తగ్గును. పిడుగులను మాత్రమే లెక్కించువానికి, ఆ మబ్బు శాంతించుచున్నట్లు తోచును. అది శాంతించుట కాదు, కోపమును మ్రింగుట. ఈ భేదమును లెక్కలతో నిరూపించుటకు చిరకాలము పట్టినది. ఆ కాలములో పోయిన ప్రాణములును కలవు.

ముందుగ టోర్నడో యనగా ఏమో తెలిసికొనవలెను. ఎండకాలమున బీళ్లలో గడ్డిపరకలను, చిత్తుకాగితములను త్రిప్పుచు పోవు మన సుడిగాలి అది కాదు. బంగాళాఖాతమున పుట్టి జిల్లాలకు జిల్లాలను ముంచు గాలివానయు కాదు. గాలివాన వందల కిలోమీటర్ల వైశాల్యము కలది, దినములతరబడి నడచునది. టోర్నడో యనునది పెద్ద ఉరుముల మబ్బు అడుగునుండి ఏనుగుతొండమువలె నేలకు దిగు గాలికంబము. వెడల్పు సాధారణముగ కొన్ని వందల గజములు. ఆయుస్సు కొన్ని నిమిషములు. కాని ఆ కొద్దిసేపటిలో ఇండ్లను పునాదులనుండి పెల్లగింపగలదు. 1999 మే 3వ తేదీన ఓక్లహోమా రాష్ట్రమున వచ్చిన దానియందు గాలి గంటకు సుమారు 480 కిలోమీటర్ల వేగమున తిరిగినట్లు రాడారు కొలిచినది. అమెరికాలో ఏటేట వేయికి పైగా టోర్నడోలు పుట్టును. పడమట రాకీ పర్వతములు, దక్షిణమున మెక్సికో సింధుశాఖ, నడుమ అడ్డులేని మైదానము. సముద్రపు తడిగాలి క్రిందనుండియు, పడమటి పొడిగాలి పైనుండియు వచ్చి అచ్చట ఒరయును. వైశాఖ జ్యేష్ఠములు దానికి అదను. మన వైపున తూర్పు భారతమునందును, బంగ్లాదేశమునందును ఇవి అప్పుడప్పుడు పుట్టును. 1989 ఏప్రిలు 26న బంగ్లాదేశములోని మానిక్‌గంజ్ జిల్లాలో వచ్చినది సుమారు 1300 మందిని పొట్టనబెట్టుకొన్నది.

ఇట్టి తొండమును దూరమునుండి చూచినవారు వేలమంది కలరు. లోపలికి తొంగిచూచి బ్రతికి వచ్చినవారు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినవారు. వారిలో విల్ కెల్లర్ అను కాన్సాసు రైతు ఒకడు. 1928 జూను 22న గ్రీన్స్‌బర్గు పట్టణ సమీపమున, వడగండ్లకు దెబ్బతిన్న గోధుమచేనును చూచుకొనుచుండగా మబ్బునుండి తొండములు దిగుచుండుట ఆతని కంటబడెను. ఇంటివారినందరిని నేలమాళిగలోనికి పంపి, తాను తలుపు మూయబోవుచు ఒక్కక్షణము వెనుదిరిగి చూచెను. తొండపు కొన నేలనుండి లేచి ఆతని తలమీదుగ సాగుచుండెను. ఊపిరాడని వాసన, బుసకొట్టు చప్పుడు. తలయెత్తి చూడగా నడుమ గుండ్రని బోలు. దాని గోడలు తిరుగుచున్న మబ్బులు. అది అర మైలు పైబడి ఎత్తుగ నుండెనట. అంత చీకటిలో ఆ గొట్టమెట్లు కనబడెననగా, ఒక గోడనుండి మరియొక గోడకు వంకరటింకరగ ఎడతెగక ఆడుచున్న మెరుపుల వెలుగున! ఆతని మాటలను వాతావరణశాఖ ఉద్యోగి యొకడు వ్రాసికొని 1930లో శాస్త్రపత్రికలో ప్రకటించెను. ఆ గ్రీన్స్‌బర్గు పట్టణమునే 2007 మే 4వ తేదీ రాత్రి మరియొక టోర్నడో నూటికి 95 పాళ్లు నేలమట్టము చేసినది. అదియు చీకటిలో మెరుపు మెరసినపుడెల్ల మాత్రమే కంటికి కనబడినది. ఊరి సైరనులు ముందుగ మ్రోగినవి. జనులు నేలమాళిగలలోనికి దిగిరి. పట్టణము పోయినను, జనులలో అత్యధికులు బ్రతికిరి.

కెల్లరు మాటలు చదివినవారికి సహజముగ ఒక ఊహ కలుగును: లోపల అంత మెరుపున్నచో, ఆ మెరుపే గాలిని త్రిప్పుచున్నదేమో? ఈ ఊహను బెర్నార్డు వానెగట్ అను శాస్త్రజ్ఞుడు 1960లో సిద్ధాంతముగ ప్రతిపాదించెను. ఈయన సామాన్యుడు కాడు. వెండి అయొడైడు పొడితో మబ్బులలోని నీటిని మంచుగా మార్చవచ్చునని 1946లో కనుగొన్నవాడు. కృత్రిమ వర్షములకై నేటికిని వాడు విద్య అది. ఒకేచోట మాటిమాటికి మెరయు మెరుపులు గాలిని కాచి, పైకి పంపి, సుడికి బలమిచ్చునని ఆయన తలంపు. 1965 ఏప్రిలు 11వ తేదీ రాత్రి ఓహియో రాష్ట్రపు టొలీడో నగరమున తీసిన ఒక ఛాయాచిత్రమున, తొండముల చోట వెలుగుకంబములవంటివి కనబడగా ఆయన వాదమునకు బలము వచ్చినట్లాయెను.

వాదము అందమైనదే. కాని అందము వేరు, ఋజువు వేరు. తొండము నేల తాకియుండగా దగ్గరలో మెరుపు అతిస్వల్పముగ నున్న టోర్నడోలు ఎన్నియో పరిశీలకుల కంటబడినవి. తొండము దిగకమునుపే ఆ మబ్బంతయు గానుగవలె మెల్లగ తిరుగుచుండుటను రాడారు చూపినది. ఎత్తు పెరిగినకొలది గాలి దిక్కును వేగమును మార్చుకొనుటవలన ఆ తిరుగుడు పుట్టుచున్నది గాని, మెరుపువలన కాదు. ఇట్లు మెరుపు కారణమను మాట వెనుకబడినది. గుర్తుగనైన పనికివచ్చునా యను ప్రశ్న మిగిలినది.

ఆ ప్రశ్నకు అయోవా రాష్ట్రపు న్యూటన్ వెల్లర్ 1960 తరువాతి కాలమున ఇంటింటికి పనికివచ్చు జవాబు చెప్పెను. టెలివిజనును పదుమూడవ చానెలుకు త్రిప్పి, తెర నల్లబడువరకు వెలుగు తగ్గించి, పిమ్మట రెండవ చానెలుకు త్రిప్పవలెను. మెరుపులున్నచో తెరపై గీతలు పడును. తెర విడువక తెల్లగ వెలిగినచో టోర్నడో సమీపించినట్లు! చెవి దగ్గర రేడియో పెట్టుకొని ఉరుములవేళ బరబర చప్పుడు విన్నవారికి ఇందులోని మర్మము తెలియును. మెరుపు ప్రతిదియు రేడియోతరంగములను వెదజల్లును. పత్రికలు ఈ ఉపాయమును ఊరూర చాటినవి. కాని పరీక్షింపగా, తెర వెలుగకయే తొండములు వచ్చినవి. తొండము లేకయే తెర వెలిగినది. నల్లని తెరను నమ్మి మంచముపై కూర్చున్నవాని గతియేమి? ప్రమాదమున సగము నిజమైన గుర్తు, గుర్తు లేకపోవుటకంటె చెడ్డది.

సరియైన లెక్కలు తరువాత వచ్చినవి. ఓక్లహోమాలోని నార్మను పట్టణమున 1964లో జాతీయ తీవ్రవాత పరిశోధనాలయము వెలసినది. 1981 మే 22న బింగరు అను ఊరికడ మహాటోర్నడో పుట్టినపుడు, డొనాల్డు మాక్‌గోర్మనును ఆయన సహచరులును ఆ మబ్బులోని మెరుపులను, దానినుండి దిగిన పిడుగులను వేర్వేరుగ లెక్కించియుంచిరి. మబ్బు తిరుగుడు ఉద్ధృతమగుచున్నపుడు మెరుపులు పెరిగినవి. పిడుగులు అపుడు తక్కువ. తిరుగుడు నీరసించిన పిమ్మటనే అవి ఎక్కువైనవి. తెలుగుమాటల తేడా అక్కడ అంకెలలో కనబడినది.

రెండవ లెక్క కన్నీటితో కూడినది. 1989 నాటికి అమెరికా అంతటను పిడుగు ఎచ్చట పడినను పట్టుకొని వ్రాయు యంత్రముల వల ఏర్పడినది. ఆ మరుసటి సంవత్సరము ఆగస్టు 28న ఇల్లినాయి రాష్ట్రపు ప్లెయిన్‌ఫీల్డు పట్టణముపై టోర్నడో విరుచుకుపడినది. వాన తెర చాటున వచ్చుటచే దాని తొండము జనులకు కనబడలేదు. టోర్నడో హెచ్చరిక వెలువడునప్పటికి అది పట్టణమును దాటిపోయినది. ఉన్నత పాఠశాల కూలినది. 29 మంది మరణించిరి. తరువాత ఆంటన్ సైమన్ అను పరిశోధకుడు పిడుగుల లెక్కలను విప్పిచూచి 1993లో ప్రకటించిన విషయమేమనగా: సాధారణముగ పిడుగులలో పదింట తొమ్మిది ఋణవిద్యుత్తును నేలకు తెచ్చును, ఆ మబ్బునుండి మాత్రము టోర్నడోకు ముందు ధనవిద్యుత్తు పిడుగులే విరివిగ పడినవి. తొండము నేల తాకు సమయమున ఆ వరుస తారుమారై ఋణపు పిడుగులు మొదలైనవి. అనగా వింత అంతయు యంత్రములలో ఆనాడే నమోదైయున్నది. చిట్టాలో వ్రాసియుండియు ఆవర్జాకు ఎక్కని పద్దువలె, ఆ అంకెల అర్థమును ఆ మధ్యాహ్నము చదువగలవారు లేకపోయిరి.

ఇంతకును మబ్బులో జరుగుచున్నదేమి? మబ్బు నడుమ గాలి మీదికి ఎగయుచుండును. మామూలు వానమబ్బులో అది సైకిలు వేగము. టోర్నడో మబ్బులో గంటకు 150 కిలోమీటర్లు దాటును. ఆ గాలి నీటిబిందువులను గడ్డకట్టు చలిలోనికి మోసికొనిపోవును. సున్న డిగ్రీల దిగువను కూడ సన్నని బిందువులు వెంటనే గడ్డకట్టవు. అట్లు చల్లబడియు నీరుగనే యుండును. అవి అంటుకొని కొన్ని మంచుపలుకులు చిరువడగండ్లగును. సున్నకు 10 మొదలు 20 డిగ్రీల దిగువ చలిలో ఈ చిరువడగండ్లును తేలికపాటి మంచుపలుకులును ఢీకొని విడిపోవునపుడు, వడగల్లు ఋణవిద్యుత్తును, పలుకు ధనవిద్యుత్తును పుచ్చుకొనును. పలుకు తేలిక గనుక మీదికి పోవును. వడగల్లు బరువు గనుక నడుమ నిలుచును. ధనము మేడమీద, ఋణము నడిమి అంతస్తున! ఈ రెంటికి నడుమ జరుగు పరిష్కారము మెరుపు. ఋణము నేలతో తేల్చుకొన్నచో పిడుగు.

గాలి తీవ్రమైనకొలది మంచు పెరుగును, ఢీకొనుటలు పెరుగును. అందువలన మెరుపులు పెరుగును. ఆ గాలియే ఋణపు అంతస్తును ఇంకను మీదికి ఎత్తును గనుక నేల దూరమగును, ధనము దగ్గరగును. అందువలన పిడుగులు తగ్గును. అంతేకాక, అంతటి సుడిలో విద్యుత్తు చిన్నచిన్న పొట్లములుగ చీలిపోవును. కనుక ఒక్కొక్క మెరుపు చిన్నదియై, సంఖ్య లెక్కకు మించును. కొన్ని మబ్బులలో అంతస్తులే తలక్రిందులగును. ధనము నడుమకు వచ్చును. 2000 సంవత్సరపు వేసవిలో కాన్సాసు, కొలరాడో సరిహద్దున చేసిన పరిశోధనలో ఇట్టి మబ్బులు స్పష్టముగ కనబడినవి. ధనపు పిడుగులు అట్టివానినుండి దిగును.

ఇంకొక చిత్రము. మెరుపుదారులను మబ్బు లోపల మూడు దిక్కుల కొలతలతో గీయు యంత్రములను న్యూ మెక్సికో శాస్త్రజ్ఞులు 1990 తరువాత నిర్మించిరి. 1998 జూనులో ఓక్లహోమా మబ్బులపై వానిని గురిపెట్టగా, మెరుపుల గుంపు నడుమ మెరుపే లేని గుండ్రని ఖాళీ యొకటి కనబడినది. గాలి అతివేగముగ ఎగయు చోటు అదియే. అచ్చటి నీరు మంచుగా మారుటకు వ్యవధి చాలదు. మంచు లేదు గనుక విద్యుత్తును లేదు. చుట్టును అగ్నివర్షము, నడుమ చీకటిబావి. మబ్బు ప్రాణము ఆ బావిలోనే యున్నది!

గుర్తుగ పనికివచ్చునది ఒక్క నిమిషపు సంఖ్య కాదు, ఆ సంఖ్య ఎగబ్రాకు తీరు. ఎర్ల్ విలియమ్సును ఆయన తోడివారును ఫ్లోరిడా మబ్బులను పరిశీలించి 1999లో ప్రకటించిన ఫలితము ఇది: తీవ్రమైన మబ్బులలో నిమిషమునకు 60కి మించి, ఒక్కొక్కచో 500 వరకు మెరుపులు మెరసినవి. పెద్ద వడగండ్లో, పెనుగాలియో, టోర్నడోయో నేల చేరుటకు 5 మొదలు 20 నిమిషములు ముందుగ ఆ సంఖ్య హఠాత్తుగ దూకినది. దీనిని వారు "మెరుపుల దూకు" అనిరి. పాలు పొంగుటకు ముందు నురుగు లేచినట్టిది అది. 2016 నవంబరు 19న అమెరికావారు ఎగురవేసిన ఉపగ్రహమున, మెరుపులను చూచుటకే ఒక కన్ను అమర్చిరి. 35,800 కిలోమీటర్ల ఎత్తునుండి అది క్షణమునకు 500 చిత్రముల చొప్పున, పగలును రాత్రియు, మెరుపును పిడుగును ఏకముగ చూచుచున్నది. రాడారు మబ్బును ఒకమారు చుట్టిచూచుటకు కొన్ని నిమిషములు పట్టును. ఈ కంటికి ఆ జాగు లేదు.

అయినను దూకు కనబడినంతమాత్రమున తొండము దిగునని కాదు. మబ్బు బలిసినదని మాత్రమే అది చెప్పును. తిరుగుచున్న మబ్బులలో అధికభాగము తొండము దింపకయే పోవును. సముద్రపు తుపానుల అంచున పుట్టు టోర్నడోలు కొన్ని మెరుపులేకయే వచ్చును. కావున హెచ్చరిక యిచ్చువాడు రాడారును, మెరుపు లెక్కను, కంటితో చూచినవారి మాటను కలిపి తూచవలెను. తూచుటకు వానికున్నది పది నిమిషములు. అమెరికాలో టోర్నడో హెచ్చరికలలో సగమునకు మించి వట్టివగుచుండెను. వట్టి హెచ్చరికకు వెల లేదని తలచరాదు. 2011 మే 22న మిస్సోరి రాష్ట్రపు జాప్లిను పట్టణమున సైరను మ్రోగినది; పూర్వము మాటిమాటికి మ్రోగి ఏమియు జరుగని అనుభవముచే అనేకులు మొదటి మ్రోతకు కదలక, బయటికి వచ్చి మబ్బు వంక చూచిరి. 158 మంది ఆ టోర్నడోకు బలియైరి. మరునాడు శిథిలములలో సాయపడుటకు వేరొక ఊరినుండి వచ్చిన పోలీసు ఉద్యోగి యొకడు పిడుగుపాటున గాయపడి, కొన్ని దినములకు మరణించెను. తొండము పోయినంతమాత్రమున మబ్బు పోలేదు.

దగ్గరకు పోయి చూచువారి వెలయు తక్కువది కాదు. టిమ్ సమారస్ అను ఇంజనీరు టోర్నడో దారిలో కొలతయంత్రములుంచి తప్పుకొనుటలో ఆరితేరినవాడు. పిడుగు నేలనంటు క్షణమును చిత్రించుటకు ఏడువందల కిలోలకు పైబడిన పాత కెమెరా నొకదానిని బండిలో వేసికొని సంవత్సరములు తిరిగెను. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో సమీపమున, నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పైన టోర్నడో హఠాత్తుగ దారిమార్చగా, ఆయనయు, కుమారుడును, సహచరుడొకడును మరణించిరి.

ఇదంతయు దూరదేశపు మాటయని త్రోసివేయ వీలులేదు. తెలుగుబిడ్డలు వేలకొలది కాపురమున్న డల్లాసు ప్రాంతము ఆ మైదానములోనిదే. 2019 అక్టోబరు 20వ తేదీ రాత్రి ఆ నగరమున టోర్నడో వచ్చి ఇండ్లను, బడులను కూల్చినది, ఎవరును మరణింపకుండుట అదృష్టము. ఇక మన నేలపై టోర్నడో అరుదు, పిడుగు అరుదు కాదు. 2018 ఏప్రిలు 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల సంస్థ లెక్కకట్టెను. భారతదేశమున పిడుగుపాటున ఏటేట రెండువేలకు మించి మరణించుచున్నారు. వారిలో ఎక్కువమంది పొలమున పనిలో నున్నవారు. మన మబ్బులలోను మంచును వడగల్లును చేయు పని అదియే. వానమబ్బు కట్టినపుడు సాధారణముగ మొదటి మెరుపు మబ్బులోనే మెరయును. మొదటి పిడుగు కొన్ని నిమిషములు ఆగి దిగును. పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు మెరుపులను పట్టు యంత్రములను దేశమంతట నెలకొల్పి, ఆ కొన్ని నిమిషములలో హెచ్చరిక అందించుటకు "దామిని" యను సాధనమును సెల్‌ఫోనులలో ఉంచిరి. దామిని యనగా మెరుపు.